బిగిసిన మర: బ్రేకు గొట్టాల నట్లను విడదీయు విధానం

తిరుపతి నుండి తిరుమలకు రెండు కొండదారులున్నవి. మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను వాడుకలోకి వచ్చినవి. ఇప్పుడు రెండవ దారిన వాహనాలు పైకి పోతున్నవి. మొదటి దారిన క్రిందికి దిగుతున్నవి. ఎక్కేటప్పుడు పరీక్ష ఇంజనుది. దిగేటప్పుడు పరీక్ష బ్రేకులది. ఈ రెండవ పరీక్ష ఎంత కఠినమైనదో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. వెయ్యి కిలోల బరువున్న కారు 650 మీటర్ల ఎత్తు నుండి దిగినదనుకొందాం. అది కోల్పోయే స్థితిజశక్తి 63 లక్షల జౌళ్ళకు పైమాటే. ఆ శక్తి ఎక్కడికీ మాయమై పోదు; దాదాపు అంతా వేడిగా మారవలసిందే. ఇరవై లీటర్ల చన్నీటిని మరిగే స్థితికి తెచ్చుటకు ఇంచుమించు అంత వేడి చాలును. తక్కువ గేరులో దిగే డ్రైవరు అందులో పెద్ద భాగాన్ని ఇంజనుకు అప్పగిస్తాడు. పెట్రోలు మిగులుతుందని గేరు తీసివేసి దిగేవాడు ఆ భారాన్ని దాదాపు యావత్తూ బ్రేకుల నెత్తిన పెడతాడు. చిత్తూరు, పలమనేరుల మధ్య మొగిలి ఘాట్‌లోను, చంద్రగిరి నుండి పీలేరు వైపు పోయే భాకరాపేట ఘాట్‌లోను ఇదే లెక్క.

అయితే ఈ వ్యాసం డ్రైవర్ల కొరకు వ్రాసినది కాదు. ఇంటి ముంగిట తమ కారును తామే బాగుచేసుకొన జూచే విద్యార్థుల కొరకు, వేసవి సెలవులలో షెడ్డులో పని నేర్చుకొనే మన పిల్లల కొరకు వ్రాసినది. బ్రేకు పనిలో పెద్ద భాగాలకంటె ఒక చిన్న భాగం వారిని ఎక్కువగా ఏడిపిస్తుంది. అది బ్రేకు గొట్టం కొనకు ఉండే నట్టు. చిటికెన వ్రేలి కొనంత ఉండే ఈ ఇత్తడి లేక ఉక్కు ముక్క కొన్ని సంవత్సరాలు కదలకుండా ఉన్నదంటే పట్టివేస్తుంది. దానిని విడదీయబోయి నట్టు మూలలు అరగదీసినవారు, గొట్టాన్ని మెలివేసినవారు, చివరకు ఆ మెలిపడ్డ గొట్టంతోనే కారును నడిపినవారు ఎందరో. ఈ మూడవ తెగవారే అసలు ప్రమాదంలో ఉన్నవారు.

ముందుగా ఆ గొట్టంలో ఏమి జరుగుతున్నదో తెలియవలె. మూసియున్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి విజ్ఞాని బ్లేజ్ పాస్కల్ నిరూపించినాడు. మనం భౌతికశాస్త్రంలో చదువుకొన్నదే. దీనిని కారు చక్రాలకు అన్వయించినవాడు అమెరికా దేశస్థుడు మాల్కమ్ లాగ్‌హెడ్. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇట్టి ద్రవ బ్రేకులతో వెలువడినది. పెడలుపై ముప్పై కిలోల బలంతో కాలు మోపినామనుకొందాం. పెడలు మీటవలె పనిచేసి దానిని సుమారు ఐదింతలు చేస్తుంది. ఆ నూట యాభై కిలోలు ముప్పావు అంగుళం వ్యాసమున్న మాస్టర్ సిలిండర్ పిస్టన్‌పై పడితే, గొట్టంలో చదరపు సెంటీమీటరుకు యాభై కిలోలకు పైగా ఒత్తిడి ఏర్పడుతుంది. బూస్టరు ఉన్న కార్లలో ఇంకను ఎక్కువ. కారు టైరులో మనం కొట్టించే గాలి ఒత్తిడి ఇదే కొలతలో రెండు కిలోల పైచిలుకు మాత్రమే! ఇంత ఒత్తిడిని మోసే గొట్టం వెలుపలి వ్యాసం చాలా కార్లలో 4.75 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో పదహారింట మూడు వంతులు. దాని కొన గరాటువలె విప్పారియుంటుంది. నట్టు ఆ విప్పారిన కొనను లోపలి పీఠానికి అదిమి పట్టుతుంది. ద్రవం కారకుండా ఆపేది మరలు కావు, ఈ అదిమిపట్టే చోటే. కనుకనే ఎక్కువ బిగిస్తే ఎక్కువ భద్రమనుకొనుట పొరపాటు. సాధారణంగా ఈ నట్టుకు పదిహేను న్యూటన్ మీటర్ల బిగువు చాలును. పదిహేను సెంటీమీటర్ల పొడవున్న స్పానరు కొనపై పది కిలోల బలం మోపినంత. ఏ కారుకు ఎంతయో ఆ కారు పుస్తకంలో ఉంటుంది; అదే ప్రమాణం.

ఇక ఇది ఎందుకు పట్టివేస్తుంది? ఇనుము తుప్పు పట్టినపుడు అది తిన్న లోహం కంటె ఎన్నో రెట్ల చోటును తుప్పు ఆక్రమిస్తుంది. మరల మధ్య వెంట్రుక మందం కూడా లేని సందులో ఈ తుప్పు పెరిగితే అది మేకు కొట్టినట్లే. మంచు దేశాలలో రోడ్లపై ఉప్పు చల్లుతారు గనుక అక్కడ ఈ బాధ ఎక్కువ. మన రాయలసీమ పొడినేల, మనకేమి అని అనుకొనరాదు. ఇక్కడ కారు అడుగున పట్టిన ఎర్రమట్టి, ఈశాన్య ఋతుపవనాల వానలకు తడిసి, నట్టు చుట్టూ తడిగుడ్డ చుట్టినట్లు రోజుల తరబడి ఆరకుండా ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతి పట్టణం వరదలో చిక్కుకొన్నపుడు వీధులలో నిలిపిన కార్లలోకి నీరు చేరినది. అట్టి కారుకు ఇంజను బాగుచేయించి, సీట్లు ఎండబెట్టించి సరిపెట్టుకొంటే చాలదు. అడుగున ఉన్న నట్లలోకి చేరిన బురదనీరు తన పనిని తాను నిదానంగా చేసుకొనిపోతుంది. రెండు మూడేండ్ల తరువాత బ్రేకు పని పెట్టుకొన్నపుడు గాని అది బయటపడదు.

ఇక్కడ భాషను గురించి ఒక మాట. ఉర్దూలో తుప్పును 'జంగ్' అంటారు. యుద్ధాన్ని కూడ 'జంగ్' అనే అంటారు. తెలుగు లిపిలో రెండింటికీ ఒకే రూపు. ఉర్దూ లిపిలో మాత్రం మొదటిది 'జే' అక్షరంతోను, రెండవది 'జీమ్' అక్షరంతోను మొదలవుతుంది. స్పానరు పట్టుకొని తుప్పుతో కుస్తీ పట్టే మన ఉస్తాదులకు ఈ భేదం అంతగా పట్టదేమో! స్క్రూకు, మెలికకు ఉర్దూలో 'పేచ్' అని పేరు. తెలుగువారి 'పేచీ' దాని చుట్టమే. తెలుగు మాత్రం ఈ విషయంలో మరొక సూక్ష్మం పాటించినది. ఇనుముకు పట్టేది తుప్పు, రాగి ఇత్తడులకు పట్టేది చిలుము. ఈ భేదం పనిలోనూ అక్కరకు వస్తుంది. నట్టు చుట్టూ ఆకుపచ్చని చిలుము కనిపించినచో అది ఇత్తడి నట్టని తెలియవలె. ఇత్తడి మెత్తని లోహం. దాని మూలలు ఉక్కు నట్టు మూలలకంటె త్వరగా అరిగిపోతాయి.

ఇంతకంటె ముఖ్యమైన మాట 'బ్రేక్ ఆయిల్'. షెడ్డులో అందరూ అనే మాట ఇదే. కాని సాధారణంగా కార్లలో పోసే ఈ ద్రవం నూనె కానేకాదు. గ్లైకాల్ జాతికి చెందిన రసాయనం. పేరు చూచి మోసపోయి ఇంజను ఆయిలో, మరొక నూనెయో అందులో పోసినవారున్నారు. అట్లు పోసినచో లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. అప్పుడు ఒక నట్టుతో పోయేది మొత్తం వ్యవస్థను విప్పేవరకు వస్తుంది. మనం నట్టును సడలించుటకు చల్లే తుప్పునూనె కూడ గొట్టంలోకి చుక్కయైనా పోరాదనుటకు కారణమిదే. ఈ ద్రవానికి మరొక గుణం కలదు: గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తదై పొడిగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగజారుతుంది. మొదట చెప్పిన ఘాట్ లెక్కను దీనితో కలిపి చూడండి. ద్రవం మరిగి ఆవిరి పుడితే, ఆవిరి నలుగుతుంది గాని ఒత్తిడిని మోయదు. పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు.

ఇక పనికి వద్దాం. సమతలమైన గట్టినేలపై కారును నిలిపి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, జాకీతో ఎత్తిన తరువాత ఉక్కు స్టాండుపై దించవలె. ఒక్క జాకీని నమ్మి గాని, ఇటుకలు పేర్చి గాని క్రిందికి దూరరాదు. ఇటుక హెచ్చరిక లేకుండ పగులుతుంది. కండ్లకు అద్దాలు ఉండవలె, ఏలనన తుప్పు రాలేది పైనుండి ముఖంపైకే. బ్రేకు ద్రవం చర్మంపై పడితే నీటితో కడుగవలె. కారు రంగుపై పడితే రంగును లేపివేస్తుంది.

పట్టివేసిన నట్టు విషయంలో గ్రహించవలసిన అసలు సంగతి ఒకటున్నది. చాలామంది దానికి పట్టు ఒకటే ఉన్నదనుకొంటారు. నిజానికి రెండున్నవి. నట్టు తన మరలతో బయటి భాగాన్ని పట్టుకొనియున్నది. తన నడిమి రంధ్రంతో గొట్టాన్నీ పట్టుకొనియున్నది. మొదటి పట్టు వదిలి రెండవది వదలకపోతే ఏమవుతుంది? నట్టు తిరుగుతుంది, దానితోబాటు గొట్టమూ తిరుగుతుంది. 'వదిలినది' అని సంతోషించి ఇంకొక చుట్టు త్రిప్పేసరికి గొట్టం పిండిన గుడ్డవలె మెలిబడుతుంది. అందుచేత తీగల బ్రష్షుతో మట్టి, తుప్పు శుభ్రం చేసిన తరువాత, తుప్పునూనెను రెండుచోట్ల చల్లవలె: మరలు లోనికి పోయే అంచున ఒకటి, గొట్టం నట్టులోకి దూరే వెనుక భాగాన ఒకటి. ఈ రెండవచోటును మరచువారే అధికం. చల్లిన వెంటనే స్పానరు తగిలించుట నిరర్థకం. నూనె సందులోకి ప్రాకుటకు దీపపు వత్తి నూనెను పీల్చుకొనే సూత్రమే ఆధారం. దానికి వ్యవధి కావలె. సాయంత్రం చల్లి, పడుకొనబోయే ముందు మరొకసారి చల్లి, ఉదయం పని మొదలుపెట్టిన వానికి సగం పని నిద్రలోనే ముగుస్తుంది.

స్పానరు ఎంపిక తరువాతిది. మామూలు నోటి స్పానరు ఆరు పలకల నట్టును రెండు వైపుల మాత్రమే పట్టుతుంది. బలమంతా రెండు మూలలపై పడుతుంది. రింగు స్పానరు చుట్టూ పట్టుతుంది గాని, గొట్టం అడ్డు వచ్చుటచేత దానిని లోనికి దూర్చలేము. ఈ చిక్కు తీర్చుటకే రింగులో ఒక ప్రక్క గొట్టం దూరేంత సందు కోసిన స్పానరు దొరుకుతుంది. గొట్టం మీదుగా దూర్చి నట్టుపైకి జరిపితే అది ఐదు పలకలను పట్టుతుంది. ఇది మన షెడ్లలో ఉండవలసినంతగా లేదు. ఉస్తాదు చేతికి నలభై ఏండ్ల అలవాటుంటుంది. శాగిర్దు చేతికి ఉండదు, అతని చేతిలోనే నట్టు మూలలు పోతాయి. పది, పదకొండు మిల్లీమీటర్ల కొలతలు ఒకటి, పాత అంగుళపు కొలతలు ఒకటి, ఇట్టి స్పానర్ల జతలను, గొట్టపు కొనలు విప్పే పరికరం నొకదానిని కళాశాల కమిటీవారు విద్యార్థుల కొరకు కొనియుంచితే అది గ్రంథాలయంలో చేరిన మంచి పుస్తకంతో సమానమని నా అభిప్రాయం. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయినను, ఆ బండ్లు ఉన్నంతకాలం అంగుళపు కొలతల అవసరం తీరదు. మిల్లీమీటరు స్పానరును అంగుళపు నట్టుకు 'ఇంచుమించు సరిపోయినది' అని తగిలించుట నట్టును చేజేతులా పాడుచేయుటే.

స్పానరు తగిలించిన తరువాత మొదట విప్పే దిశలో కాక, బిగించే దిశలో ఒక్క నులుము ఇవ్వవలె. ఇది వింతగా తోచవచ్చును. తుప్పు గట్టిదే గాని పెళుసైనది. ఏ దిశలో కదలినా విరుగుతుంది. విప్పే దిశలోనే పదేపదే లాగుటకంటె, అటొక రవ్వ ఇటొక రవ్వ కదిపితే ఆ పెళుసు పొర పొడి అవుతుంది. స్పానరుపై నిదానంగా బలం ఉంచి, చిన్న సుత్తితో నట్టు పలకపై టకటకమని తేలికగా తట్టుట కూడ ఇందుకే. పెద్ద సుత్తి పనికిరాదు. దిశ విషయంలో క్రింద పడుకొన్నవాడు తికమకపడుట సహజం. గొట్టం వైపునుండి నట్టును చూస్తున్నట్లు భావించుకొని, గడియారపు ముల్లుకు ఎదురుగా త్రిప్పవలె. నట్టు చక్రం దగ్గరి రబ్బరు హోస్‌లోకి పోయే చోటైతే, హోస్ కొననున్న ఆరు పలకల భాగాన్ని రెండవ స్పానరుతో కదలకుండ పట్టుకొనక తప్పదు. లేకున్న నట్టుకు బదులు హోస్ తిరుగును.

నట్టు కదిలినది. ఇప్పుడే కన్ను గొట్టంపై ఉంచవలె. గొట్టంపై సుద్దతో ఒక గీత గీచియుంచితే అది తిరుగుతున్నదో లేదో వెంటనే తెలుస్తుంది. తిరుగుతున్నచో ఆగి, మరల బిగించే వైపు త్రిప్పి, వెనుక భాగాన నూనె చల్లి, గొట్టంపై నట్టు వెనుకనున్న తుప్పును నూరుకాగితంతో తీసివేసి, పావు చుట్టు అటు పావు చుట్టు ఇటు ఆడించుచు పోవలె. ఇది విసుగు పుట్టించే పని. అరగంట పట్టవచ్చును. కొత్త గొట్టం వేయుటకు పట్టే కాలంతో పోల్చితే అది ఎక్కువేమీ కాదు.

వేడి చేయుట గురించి ఎల్లరూ అడుగుతారు. పది మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రం 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 0.024 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ రవ్వే చాలాసార్లు చాలును. కాని ఈ నట్టు లోపలికి పోయే రకం గనుక, వేడి తగలవలసినది బయటి భాగానికి. నట్టునే వేడిచేస్తే అది ఉబ్బి ఇంకను బిగుస్తుంది, చల్లారిన తరువాతనే సడలుతుంది. షెడ్డులో గ్యాసు వెల్డింగు మంటతో ఉస్తాదు ఈ పనిని లాఘవంగా చేస్తాడు. ఇంటివద్ద దీనిని చేయవద్దనియే చెప్పుతున్నాను. బ్రేకు ద్రవపు ఆవిరి మండుతుంది. చల్లిన నూనె మండుతుంది. ప్రక్కనే పెట్రోలు గొట్టం పోతూ ఉండవచ్చును. రబ్బరు హోస్ లోలోపలే మాడి పైకి బాగున్నట్లే కనిపించవచ్చును. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరుతో తుడిచిన భాగాన్ని మంటకు చూపితే విషవాయువు పుడుతుంది. ఈ ఒక్క వాక్యాన్నైనా విద్యార్థులు మరువకుందురు గాక.

ఇవన్నీ చేసినను నట్టు కదలనిచో, లేక మూలలు అరిగిపోయినచో, గొట్టాన్ని కాపాడాలనే ఆశను వదలుకొనవలె. నట్టుకు దగ్గరగా గొట్టాన్ని కోసివేస్తే అడ్డు తొలగి, ఆరు పలకల సాకెట్టును నట్టుపై సూటిగా దించవచ్చును. నోటి స్పానరుకు లొంగని నట్టు దీనికి లొంగుతుంది. గొట్టం పోయినది గదా అని చింతించనక్కరలేదు. పైన అంత తుప్పు పట్టిన గొట్టం లోపల ఎంత పలుచబడినదో ఎవరికి తెలుసు? గొట్టంపై ఎక్కడైనా గోటితో గీకితే పొరలు రాలుచున్నచో నట్టు సులభంగా వచ్చినను దానిని మార్చియే తీరవలె. గాలి తీసే నిపుల్ విషయం ఇంకను సున్నితం. అది నడుమ బోలుగా ఉంటుంది గనుక బలం మోపితే తల విరిగి మొండెం లోపల మిగిలిపోతుంది.

కొత్త గొట్టానికి బ్రేకు కొరకే చేసిన ఉక్కు గొట్టమో, రాగి నికెల్ మిశ్రమ గొట్టమో వాడవలె. ఫ్రిజ్ బాగుచేసేవారి వద్ద దొరికే మెత్తని రాగి గొట్టం వంచుటకు సులువని దానిని అతికించే అలవాటు గర్హనీయం. అదురుడుకు రాగి గట్టిపడి చీలుతుంది. విరిగినచోట టంకం పెట్టి అతుకుట అంతకంటె అన్యాయం. ఉక్కు గొట్టపు కొనను ఒంటి మడతగా విప్పితే చీలుతుంది; అది రెండు మడతలుగా ఉండవలె. కొన్ని కార్లలో ఈ కొన గరాటువలె కాక గుండ్రని బుడిపెవలె ఉంటుంది. ఒకదానిని మరొకదాని పీఠంలో బిగించరాదు. పాత గొట్టాన్ని ప్రక్కన పెట్టుకొని పోల్చి చూచిన తరువాతనే కొత్తది బిగించవలె, అదీ మొదట చేతి వ్రేళ్ళతో. మర రెండు మూడు చుట్లు వ్రేళ్ళతో నడవనిచో అడ్డంగా ఎక్కినదని అర్థం.

2019 ఏప్రిలు నుండి మన దేశంలో కొత్త కార్లన్నింటిలో ఏబీఎస్ తప్పనిసరి అయినది. అట్టి కార్లలో ఏబీఎస్ పెట్టెకు చేరే గొట్టాలను ఇంటివద్ద విప్పరాదు. అక్కడ గాలి చేరినచో కంప్యూటరు పరికరం లేకుండ తీయుట చాలా కార్లలో సాధ్యం కాదు.

గొట్టం విప్పినప్పుడు లోనికి గాలి చేరక మానదు. మూత తీయని కొత్త డబ్బాలోని ద్రవమే పోసి, కారు పుస్తకం చెప్పిన వరుసలో ఒక్కొక్క చక్రం వద్ద గాలి తీయవలె. పుస్తకం లేనిచో సాధారణంగా మాస్టర్ సిలిండరుకు దూరమైన చక్రంతో మొదలుపెడతారు. తరువాత ఇంజను నడుస్తుండగా పెడలును గట్టిగా త్రొక్కి ఒక నిమిషం పట్టియుంచవలె. పెడలు మెల్లగా క్రిందికి జారుచున్నచో ఎక్కడనో కారుచున్నదన్నమాట. క్రింద మరొకరు తెల్లకాగితాన్ని నట్టుకు ఒత్తి చూడవలె. ఒక్క చుక్క తడి కనిపించినను బండి కదలరాదు. అంతా పొడిగా ఉన్నచో, జనసంచారం లేని సమతల ప్రదేశంలో మెల్లగా నడిపి నాలుగైదుసార్లు ఆపి చూచి, ఆ కాగితపు పరీక్షను మరునాడు ఇంకొకసారి చేసిన తరువాతనే ఘాట్ రోడ్డు మాట తలపెట్టవచ్చును.